ఆ ఉంగరం వెనక ఉన్న మాట వినండి

పదహారేళ్ల అమ్మాయి భోజనానికి కూర్చున్నప్పుడు వేలికి కొత్త వెండి ఉంగరం కనిపిస్తుంది. ఇంటర్ చదివే అబ్బాయి మెడలో గొలుసుకు ఒక ఉంగరం తగిలించుకుని చొక్కా లోపలికి దాచుకుంటాడు. ఎవరిచ్చారని అడిగితే "ఫ్రెండు" అంటారు. రెండోసారి అడిగితే "ఊరికే, ఫ్యాషన్" అంటారు. ఆ రాత్రి తల్లికి నిద్ర పట్టదు. తండ్రికి చెబితే ఇంట్లో ఏం గొడవవుతుందో అని ఒక భయం, చెప్పకపోతే రేపు ఏం వినాల్సి వస్తుందో అని ఇంకో భయం. డాలస్‌లో ఉన్న తెలుగు ఇంట్లోనూ ఇదే పరిస్థితి, న్యూజెర్సీ ఎడిసన్‌లోనూ ఇదే, కూకట్‌పల్లిలోనూ విజయవాడలోనూ ఇదే. పిల్లలు ఆ ఉంగరాన్ని ప్రామిస్ రింగ్ అంటారు.

ఇది ఆ తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. ఆ ఉంగరాన్ని చూసి హడలిపోవాల్సిన పని లేదు. పిల్లచేష్ట అని కొట్టిపారేయనూ కూడదు. దాని వెనక ఇద్దరు పిల్లలు ఇచ్చిపుచ్చుకున్న మాట ఒకటి ఉంది. ఆ మాట ఏమిటో తెలుసుకోవాలి. ఆ వయసులో నిలబెట్టుకోగలిగిన మాటేనా అని వాళ్లే ఆలోచించుకునేలా చేయాలి. నిలబెట్టుకోలేని రోజు వస్తే అవమానం లేకుండా బయటపడే దారి ఉందని వాళ్లకు తెలియాలి. పెద్దవాళ్లుగా మనం చేయాల్సిన పని ఈ మూడే.

మనం చూసేది వేరు, వాళ్లు చూసేది వేరు

మన ఇళ్లలో ఉంగరాలు మార్చుకునేది నిశ్చితార్థంలో. పెద్దలు కూర్చుంటారు, లగ్నపత్రిక రాయిస్తారు, తాంబూలాలు పుచ్చుకుంటారు, బంధువుల ముందు ఇద్దరూ ఉంగరాలు తొడుక్కుంటారు. ఇంకొకరు తొడిగిన ఉంగరం అంటే పెళ్లి ఖాయమైనట్టే. అందుకే కూతురి వేలికి తెలియని ఉంగరం కనబడగానే మన గుండె గుభేలుమంటుంది. మనల్ని అడక్కుండా ఇంత పెద్ద పని చేసేశారా అనిపిస్తుంది.

పిల్లల లెక్క అది కాదు. ప్రామిస్ రింగ్ బాగా వాడుకలో ఉన్నది అమెరికాలో, హైస్కూలు, కాలేజీ వయసు జంటల్లో. అది నిశ్చితార్థపు ఉంగరం కాదు. దానికి ముహూర్తం లేదు, సాక్షులు లేరు, ఫలానా వేలికే పెట్టుకోవాలన్న నియమమూ లేదు. ఒకరు ఎడమ చేతికి పెట్టుకుంటారు, ఒకరు కుడి చేతికి, ఇంకొకరు మెడలో గొలుసుకు. అర్థం కూడా ఆ ఇద్దరూ అనుకున్నదే. "నేను ఇంకెవరితోనూ తిరగను" అని కొందరి మాట. "నువ్వు ఆస్టిన్‌లో, నేను చికాగోలో చదివినా మనం విడిపోం" అని కొందరిది. "చదువయ్యాక పెళ్లి చేసుకుందాం" అని ఇంకొందరిది. ప్రాణ స్నేహితురాళ్లు ఇద్దరు ఒకేలాంటివి కొనుక్కోవడమూ ఉంది. కాబట్టి ఉంగరాన్ని చూసినంత మాత్రాన ఏ మాట ఇచ్చుకున్నారో మనకు తెలియదు. అడిగి తెలుసుకోవాల్సిందే.

ఉంగరం ఇచ్చి మాట చెప్పుకునే అలవాటు పాశ్చాత్యులకు కొత్త కాదు. 15వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం దాకా ఇంగ్లండులో పోజీ రింగులని ఉండేవి. ఉంగరం మీద, ఎక్కువగా లోపలి వైపు చర్మానికి తగిలే చోట, ఒక చిన్న ప్రేమ వాక్యం చెక్కించేవారు. బ్రిటిష్ మ్యూజియంలో అలాంటివి ఇప్పటికీ ఉన్నాయి. షేక్‌స్పియర్ "మర్చంట్ ఆఫ్ వెనిస్" చివరి అంకంలో నెరిస్సా, గ్రేషియానో గొడవపడేది అటువంటి ఉంగరం గురించే. ఐర్లండులో గాల్వే దగ్గరి జాలర్ల పల్లె పేరు మీద క్లాడా ఉంగరం ఉంది. రెండు చేతులు ఒక హృదయాన్ని పట్టుకుని ఉంటాయి, పైన కిరీటం. అది ఎటువైపు తిప్పి పెట్టుకున్నారన్నదాన్ని బట్టి ఆ మనిషి మనసు ఖాళీగా ఉందో లేదో చెప్పేవారు. అమెరికాలో 1835లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం విద్యార్థులు తమ తరగతి గుర్తుగా ఉంగరాలు చేయించుకున్నారు. ఆ అలవాటు హైస్కూళ్లకూ పాకింది. 1950లలో అబ్బాయి తన క్లాస్ రింగ్ అమ్మాయికి ఇచ్చేవాడు. అది వదులైతే ఆ అమ్మాయి దానికి ఉన్ని దారం చుట్టి వేలికి పెట్టుకునేది, లేదా గొలుసుకు కట్టుకునేది. అంటే ఇవాళ మన పిల్లల పక్క బెంచీలో కూర్చునే అమెరికన్ పిల్లల అమ్మమ్మలూ తాతయ్యలూ చేసిన పనే ఇది. ఆ ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడరు. మన ఇంట్లో పడతారు. రెండు లోకాల మధ్య నలిగేది మన పిల్లలే.

ఇక్కడ తెలుగు ఊళ్లలో ఇది వేరే దారిన వచ్చింది. ఫిబ్రవరి 7న రోజ్ డేతో మొదలై 14న వాలెంటైన్స్ డేతో ముగిసే వారంలో 11వ తేదీని ప్రామిస్ డే అంటున్నారు. ఆ రోజుకని జంట ఉంగరాలు ఆన్‌లైన్లో అమ్ముతారు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెడతారు. మన ఊరి పిల్లల చేతికి ఉంగరం కనిపించిందంటే ఇదీ ఒక కారణం కావచ్చు. స్నేహితులందరూ చేస్తున్నారని తానూ చేసిన పనికీ, మనసు పెట్టి ఇచ్చిన మాటకీ తేడా ఉంది. ఆ తేడా కూడా అడిగితేనే తెలుస్తుంది.

పిల్లలు ఉంగరం ఎందుకు కోరుకుంటారు

ఆ వయసులో కలిగే ఇష్టం నిజమైనదే. "ఈ వయసులో ప్రేమేంటి, దోమేంటి" అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ ఒక్క మాటతో పిల్లలు ఇక మనకు ఏదీ చెప్పరు. ముందు వెనకలు చూసుకునే మెదడు భాగం ఇరవై అయిదేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుందని శాస్త్రం చెబుతోంది. అనుభూతి మాత్రం పదిహేనేళ్లకే పూర్తి బలంతో వస్తుంది. అందుకే వాళ్ల మనసుకి తగిలిన దెబ్బ చిన్నది కాదు, వాళ్లు ఇచ్చే మాట మాత్రం తమ శక్తికి మించి ఉంటుంది.

ఇంకో కారణం రహస్యం. మన ఇళ్లలో ప్రేమ సంగతి పైకి చెప్పే వీలు ఉండదు. ఎవరికీ చెప్పుకోలేని ఇష్టానికి ఏదో ఒక గుర్తు కావాలనిపిస్తుంది. పెద్దలు ఒప్పుకోరని ముందే తెలిసిన పిల్లలు ఆ ఉంగరాన్నే సాక్షిగా పెట్టుకుంటారు. మరో కారణం దూరమవుతామన్న భయం. ఇంటర్ అయిపోతే ఒకరు ఇంజనీరింగ్‌కి ఒక ఊరు, ఇంకొకరు మెడిసిన్‌కి మరో ఊరు. హైస్కూలు అయిపోతే ఒకరు ఒక రాష్ట్రం, ఇంకొకరు మరో రాష్ట్రం. సరిగ్గా ఆ విడిపోయే ముందు నెలల్లోనే ఈ ఉంగరాలు ఎక్కువగా వేళ్లకు ఎక్కుతాయి. మీ పిల్లల చేతికి అలాంటప్పుడు ఉంగరం కనిపిస్తే అందులో ప్రేమ ఎంత ఉందో, భయం ఎంత ఉందో కాస్త నిదానంగా చూడండి.

పెద్దలు రాబట్టిన ఒట్టు ఏమైంది

అమెరికాలోనే ఇంకో రకం ఉంగరం వచ్చింది. దాన్ని ప్యూరిటీ రింగ్ అన్నారు. 1993లో దక్షిణ బాప్టిస్టు చర్చిలు "ట్రూ లవ్ వెయిట్స్" అనే ఉద్యమం మొదలుపెట్టాయి. పెళ్లి దాకా శారీరక సంబంధం పెట్టుకోబోమని పిల్లల చేత సంతకం పెట్టించేవారు. తర్వాత కొద్ది ఏళ్లకే "సిల్వర్ రింగ్ థింగ్" అనే సంస్థ సభలు పెట్టి వెండి ఉంగరాలు తొడిగించింది. చాలా ఇళ్లలో తండ్రే కూతురికి ఆ ఉంగరం ఇచ్చేవాడు. జోనస్ బ్రదర్స్ లాంటి యువ గాయకులు పెట్టుకోవడంతో 2000లలో అది ఇంకా ప్రచారంలోకి వచ్చింది.

ఆ ఒట్లు ఎంతవరకు నిలిచాయో పరిశోధకులు చూశారు. పీటర్ బేర్‌మన్, హన్నా బ్రూక్నర్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో కొందరి విషయంలో ఒట్టు కొంత కాలం ఆపగలిగిందని తేలింది. కానీ ఒట్టు తప్పిన వాళ్లు ఆ మొదటిసారి గర్భనిరోధక జాగ్రత్తలు తీసుకోవడం తక్కువ. 2009లో జానెట్ రోజెన్‌బామ్ "పీడియాట్రిక్స్" పత్రికలో మరో అధ్యయనం ప్రచురించారు. ఒట్టు వేసిన పిల్లలనూ, అన్ని విధాలా వాళ్లలాంటివాళ్లే అయి ఒట్టు వేయని పిల్లలనూ పోల్చి చూశారు. అయిదేళ్లకు శారీరక సంబంధాల విషయంలో ఈ రెండు గుంపుల మధ్య తేడా లేదు. ఒట్టు వేసిన వాళ్లలో 82 శాతం మంది అసలు తాము ఒట్టే వేయలేదన్నారు.

ఇందులో మన ఇళ్లకు చెందిన పాఠం ఉంది. మనం ఉంగరాలు తొడగం. కానీ "నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యి, వాడితో మళ్లీ మాట్లాడనని చెప్పు" అని కన్నీళ్లతో అడుగుతాం. పిల్ల ఏడుస్తూ ఒట్టు వేస్తుంది. రెండు రోజులకు ఇంకో నంబరుతో మాట్లాడుతుంది. ఇప్పుడు అమ్మ తలమీద వేసిన ఒట్టు తప్పానన్న అపరాధ భావం కూడా తోడవుతుంది. ఆ తర్వాత నిజంగా ఆపద వచ్చినా అమ్మ దగ్గరికి రాలేదు, ఏ మొహం పెట్టుకుని వస్తుంది? భయంతో, ఏడుపుతో రాబట్టిన మాట నిలవదు. అది బిడ్డను మనకు దూరం చేస్తుంది. దయచేసి పిల్లల చేత ఒట్లు వేయించకండి.

మొదటి రోజు ఏం చేయాలి

ఉంగరం కనబడిన రోజే మాట్లాడాలని లేదు. ఒక రాత్రి గడవనివ్వండి. భార్యాభర్తలు ముందు మీలో మీరు మాట్లాడుకోండి. ఇద్దరిలో ఎవరి దగ్గర బిడ్డకు చనువు ఎక్కువో వాళ్లు మాట్లాడండి. ఎదురుగా కూర్చోబెట్టి విచారణ చేయడం కంటే పక్కపక్కన ఉన్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. కారులో వెళ్తున్నప్పుడు, మేడ మీద బట్టలు తీస్తున్నప్పుడు, సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు అడగండి.

మొదటి ప్రశ్న చిన్నదిగా ఉండాలి. "ఉంగరం బాగుందే, ఎవరిచ్చారు?" అని అమ్మ అడగొచ్చు. "మంచిగుంది బిడ్డా ఉంగరం, ఎవరిచ్చిండ్రు?" అని నాన్న అడగొచ్చు. జవాబు చెప్పాక వెంటనే తీర్పు చెప్పకండి. "ఇది ఇచ్చినప్పుడు మీరిద్దరూ ఏమనుకున్నారు?" అని అడిగి ఊరుకోండి. పిల్లలు మాట వెతుక్కోవడానికి సమయం పడుతుంది. ఆ మౌనాన్ని మీ ఉపన్యాసంతో నింపకండి.

చేయకూడనివి కూడా చెబుతాను. ఉంగరం లాగేయకండి. పిల్ల నిద్రపోతుండగా ఫోన్ తెరిచి చదవకండి. మేనమామకు, పిన్నికి, పక్కింటివాళ్లకు ఫోన్ చేసి పంచాయితీ పెట్టకండి. "కాలేజీ మాన్పించేస్తాం", "సంబంధం చూసి పెళ్లి చేసేస్తాం", "ఇండియా పంపించేస్తాం" అని బెదిరించకండి. పద్దెనిమిది నిండని అమ్మాయికి పెళ్లి చేయడం 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం కింద నేరమన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇంకొకటి ఉంది, చెప్పడానికి కష్టమైనా చెప్పాలి. చాలా ఇళ్లలో మొట్టమొదట నోటికొచ్చే ప్రశ్న "వాళ్లేమిట్లు?" అనే. కులం అడిగిన క్షణంలోనే బిడ్డకు ఒకటి అర్థమైపోతుంది, వీళ్లకు నా మంచి చెడ్డల కంటే పరువే ముఖ్యమని. ఆ పరువు పట్టుదల ఎంత దూరం పోతుందో 2018లో మిర్యాలగూడలో చూశాం. ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న అల్లుణ్ణి, కడుపుతో ఉన్న కూతురి కళ్లెదుటే, సొంత తండ్రి చంపించాడు. ఒక్క తల్లీ తండ్రీ కూడా ఆ దారిలో మొదటి అడుగు వేయకూడదు. బిడ్డ ఎవరిని ఇష్టపడిందన్నది తర్వాత. బిడ్డ క్షేమంగా ఉందా, ఆ అబ్బాయి మర్యాదగా ఉంటున్నాడా అన్నవే ముందు అడగాల్సినవి.

ఉంగరం గురించి మూడు ప్రశ్నలు

మాట కలిశాక, ఒకే రోజు కాకుండా కొన్ని రోజుల మీద, ఈ మూడు ప్రశ్నలు బిడ్డ ముందు పెట్టండి. జవాబులు మీరు చెప్పకండి.

మొదటిది: ఈ మాట ఇద్దరికీ ఒకేలా వర్తిస్తుందా? అబ్బాయి స్నేహితురాళ్లతో సినిమాకు వెళ్లొచ్చు, అమ్మాయి మాత్రం క్లాసులో ఎవరితోనూ మాట్లాడకూడదు అంటే అది ఒకరి మీద ఇంకొకరి పెత్తనం. ఇది అమ్మాయిలు అబ్బాయిల మీద చేయడం కూడా ఉంది.

రెండోది: ఎంతకాలం? "ఎప్పటికీ" అని పిల్లలు అంటారు. ఎప్పటికీ అన్నది పదిహేడేళ్ల మనిషి ఇవ్వగలిగిన మాటేనా అని నెమ్మదిగా అడగండి. "ఈ సంవత్సరం పరీక్షలు అయ్యేదాకా ఒకరికొకరు అబద్ధం చెప్పుకోం, ఒకరి చదువుకి ఒకరు అడ్డు రాం" అన్నది నిలబెట్టుకోగలిగిన మాట. పెద్ద మాట ఇచ్చి తప్పే కంటే చిన్న మాట ఇచ్చి నిలబెట్టుకోవడం గొప్ప అని పిల్లలకు ఈ సందర్భంలోనే నేర్పొచ్చు.

మూడోది: ఇద్దరిలో ఒకరి మనసు మారితే? ఈ ప్రశ్న అడగగానే పిల్లలు నొచ్చుకుంటారు. అయినా అడగాలి. వెనక్కి తీసుకునే వీల్లేని మాట చిన్న వయసులో ఎవరూ ఇవ్వకూడదు. మన చట్టం కూడా అదే చెబుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదు. ఒక సైకిల్ అప్పు కాగితం మీద సంతకం పెట్టినా చట్టం ఆ పిల్లవాణ్ణి కట్టిపడేయదు. అలాంటప్పుడు జీవితమంతటికీ ఇచ్చిన మాటకు బిడ్డను మనమెందుకు కట్టేయాలి, ఇంకొకరు కట్టేస్తే ఎందుకు ఊరుకోవాలి? "నీ మనసు మారితే ఉంగరం తిరిగి ఇచ్చేయొచ్చు, అందులో పాపం లేదు, మాట తప్పినట్టూ కాదు" అని పెద్దలు నోరు తెరిచి చెప్పాలి. చాలామంది పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పేవాళ్లే ఉండరు.

చట్టం గురించి సిగ్గు పడకుండా చెప్పండి

శరీరం గురించి, చట్టం గురించి మన ఇళ్లలో మాట్లాడరు. మాట్లాడకపోతే నష్టపోయేది పిల్లలే. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వారి సమ్మతికి చట్టంలో విలువ లేదు. ఇద్దరూ ఇష్టపడి దగ్గరైనా, అమ్మాయికి పదిహేడేళ్లే ఉంటే అబ్బాయి మీద తీవ్రమైన కేసు పడుతుంది. పద్దెనిమిదేళ్లలోపు వారి నగ్న చిత్రాలు తీయడం, పంపడం, ఫోన్‌లో దాచుకోవడం కూడా నేరమే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 69వ సెక్షన్ ఉంది. నిలబెట్టుకునే ఉద్దేశం లేకుండా పెళ్లి చేసుకుంటానని మాట ఇచ్చి ఒక స్త్రీతో శారీరక సంబంధం పెట్టుకుంటే పదేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. అమెరికాలో సమ్మతి వయసు రాష్ట్రాన్ని బట్టి 16 నుంచి 18 దాకా ఉంది. మైనర్ల నగ్న చిత్రాలు పంపడం అక్కడా పెద్ద నేరం కిందికి వస్తుంది. ఇవి బెదిరించడానికి కాదు. పిల్లలకు తెలియాల్సిన సమాచారంగా, మామూలు గొంతుతో, అమ్మాయికీ అబ్బాయికీ ఇద్దరికీ చెప్పండి.

అబ్బాయి తల్లిదండ్రులకు ఒక మాట

ఇలాంటి సలహాలన్నీ అమ్మాయి తల్లిదండ్రులకే రాస్తుంటారు. ఉంగరం ఇచ్చినవాడు కూడా ఎవరో ఒకరి బిడ్డే. మీ అబ్బాయి ఒక అమ్మాయికి ఉంగరం ఇచ్చాడని తెలిస్తే "మగపిల్లాడు, ఏముందిలే" అని ఊరుకోకండి. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. అప్పు చేశాడా, ఇంట్లో ఉన్న పాత ఉంగరం తీశాడా తెలుసుకోండి. ఉంగరం ఇచ్చినంత మాత్రాన ఆ అమ్మాయి మీద తనకు ఏ హక్కూ రాదని చెప్పండి. ఆమె "వద్దు" అంటే ఆ మాట అక్కడితో ఆఖరని, ఆమె ఉంగరం తిరిగి ఇచ్చేస్తే మౌనంగా తీసుకోవాలని, పాత ఫొటోలు చూపించి బెదిరించడం నేరమే కాక నీచమని చెప్పండి. "కాదంటే ఎలా ఒప్పించాలో" మన సినిమాల్లో హీరోలు చాలాకాలంగా పిల్లలకు నేర్పుతున్నారు. కాదన్న మాటను గౌరవించడం ఇంట్లో నాన్నే నేర్పాలి. అది నాన్న అమ్మతో మాట్లాడే తీరు చూసే కొడుకు నేర్చుకుంటాడు.

ఎప్పుడు జోక్యం చేసుకోవాలి

ఓపిగ్గా ఉండమన్నాను కానీ, కొన్ని గుర్తులు కనబడితే ఆలస్యం చేయకూడదు. ఉంగరం పెట్టుకున్న చేతి ఫొటో గంటగంటకూ పంపమని అడగడం. పాస్‌వర్డులు, లొకేషన్ ఎప్పుడూ ఇచ్చి ఉంచమనడం. పాత స్నేహితులను మానిపించడం. ఉంగరానికి బదులుగా ఫొటోలు, ఏకాంతం కోరడం. "ఉంగరం తీసేస్తే చచ్చిపోతాను" అనడం. మీ బిడ్డ నవ్వు తగ్గిపోవడం, ఫోన్ మోగితే ఉలిక్కిపడడం. ఇవి ప్రేమ లక్షణాలు కావు, ఒకరిని చెప్పుచేతల్లో పెట్టుకునే లక్షణాలు.

ఉంగరం ఇచ్చినవారు వయసులో చాలా పెద్దవారైతే సంగతే వేరు. పదహారేళ్ల పిల్లకు ఇరవై ఆరేళ్ల మనిషి, ట్యూషన్ మాస్టారో, బంధువో, ఆన్‌లైన్లో పరిచయమైనవాడో ఉంగరం ఇచ్చి "ఎవరికీ చెప్పకు" అన్నాడంటే అది ఎర. అందులో పిల్ల తప్పు ఏమీ లేదని ముందు ఆమెకు చెప్పి, తర్వాత అవతలి మనిషి సంగతి చూడాలి.

భారతదేశంలో పిల్లల సహాయానికి 1098, మహిళల సహాయానికి 181, అత్యవసరానికి 112 నంబర్లున్నాయి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడతారు. తెలంగాణలో షీ టీమ్స్ 2014 నుంచి పనిచేస్తున్నాయి. అమెరికాలో టీనేజి సంబంధాల్లో వేధింపులకు లవ్ ఈజ్ రెస్పెక్ట్ హెల్ప్‌లైన్ 1-866-331-9474, ఆత్మహత్య ఆలోచనలుంటే 988. స్కూలు కౌన్సెలర్‌ను కలవడంలో నామోషీ లేదు. చచ్చిపోతానన్న మాట మీ బిడ్డ అన్నా, అవతలి బిడ్డ అన్నా నాటకమని తీసిపారేయకండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి.

ఉంగరం వేలి నుంచి తీసిన రోజు

చదువుకునే రోజుల్లో పుట్టిన ఇష్టాలు చాలావరకు పెళ్లి దాకా వెళ్లవు. ఒక రోజు ఉంగరం వేలికి ఉండదు. మీరు అది గమనిస్తారు. ఆ రోజు "నేను ముందే చెప్పానా?" అని మాత్రం అనకండి. ఆ మాట పిల్లలు ముప్పై ఏళ్లకూ మరచిపోరు. ఇష్టమైన కూర వండండి, పక్కన కూర్చోండి, ఏడిస్తే ఏడవనివ్వండి. రెండు మూడు వారాలు తిండి, నిద్ర, చదువు ఎలా ఉన్నాయో కనిపెట్టి ఉండండి. ఉంగరం తిరిగి ఇవ్వాలో, పెట్టెలో దాచుకోవాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. ఖరీదైనదైతే, బంగారమైతే తిరిగి ఇవ్వడమే మర్యాద అని చెప్పండి. కోపంలో పారేయడం, దాని ఫొటో పెట్టి అవతలివారిని నలుగురిలో దూషించడం వద్దనండి. ఒక సంబంధాన్ని మర్యాదగా ముగించడం చేతనైన పిల్లలు పెద్దయ్యాక ఏ బంధంలోనైనా మర్యాదగా ఉంటారు.

మన పిల్లలకు చెప్పదగిన కథ ఒకటి మన దగ్గరే ఉంది. కాళిదాసు నాటకంలో శకుంతల ఉంగరం నదిలో జారిపోతుంది, దాంతో దుష్యంతుడు ఆమెను గుర్తుపట్టడు. ఉంగరం దొరికాకే అతనికి మాట గుర్తొస్తుంది. కానీ మహాభారతంలో శకుంతలకు ఉంగరమే లేదు. నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో ఆమె కొడుకును వెంటబెట్టుకుని నిండు సభలో నిలబడుతుంది. సత్యం ఎంత విలువైనదో రాజుకే బోధిస్తుంది. తన మాట మీద, తన మీద ఆమెకు ఉన్న నమ్మకమే ఆమెకు ఆధారం. మన అమ్మాయిలకు ఉంగరం ఉన్నా లేకపోయినా ఆ ధైర్యం కావాలి. మన అబ్బాయిలకు, ఎదుట ఉంగరం కనబడకపోయినా ఇచ్చిన మాట గుర్తుండాలి.

పిల్లలకు పద్దెనిమిది, ఇరవై ఏళ్లు దాటి, ఇద్దరూ నిలకడగా ఉండి, కొన్నేళ్లుగా ఆ ఉంగరం వేలికే ఉంటే దాన్ని ఇంకా ఆటగా చూడకండి. ఆ అబ్బాయినో అమ్మాయినో ఇంటికి పిలవండి, కాఫీ ఇవ్వండి, చదువు గురించి, ఉద్యోగం గురించి, వాళ్ల ఇంటివారి గురించి మామూలుగా మాట్లాడండి. పరిచయం ఉన్నచోట మీ సలహాకు విలువ ఉంటుంది. పరిచయమే వద్దన్నవాళ్ల సలహా ఎవరూ అడగరు.

చివరగా తల్లిదండ్రులను ఒకటి కోరుతున్నాను. పిల్లల చేత మాట తీసుకునే ముందు మీరే వాళ్లకు ఒక మాట ఇవ్వండి. "నువ్వు ఎవరితో ఉన్నా, ఎంత తప్పు చేశానని నీకనిపించినా, ఏ అర్ధరాత్రి ఫోన్ చేసినా వచ్చి నిన్ను ఇంటికి తీసుకొస్తాను. ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగను." ఈ మాట ఇవాళే చెప్పండి. ఫోన్ వచ్చిన రోజున నిలబెట్టుకోండి. ఇచ్చిన మాటకు ఎలా కట్టుబడాలో పిల్లలు నేర్చుకునేది మన దగ్గరే.